సున్నా నెలలు

లాగుడుకి 58 రోజులు

ఈ పుస్తకం మా పనిని తనిఖీ చేసే మండలివాళ్ళు చూడరు. వాళ్ళు చూసే పుస్తకం వేరే ఉంది. అందులో రోజూ ఎవరితో మాట్లాడాను, ఎన్ని నిమిషాలు మాట్లాడాను, సమాచారం ఇచ్చానా సలహా ఇచ్చానా అన్నది గడుల్లో టిక్కులు పెట్టి రాస్తాను. కోపానికి అందులో గడి లేదు. అందుకే మొన్న సంతలో ఈ రెండో పుస్తకం కొన్నాను.

నా పేరు ముద్దాడ హైమవతి. వయసు యాభై రెండు. గృహరుణ సలహాదారుని, నమోదు సంఖ్య పదిహేడు. ఇప్పుడు పరీక్ష పాసై వస్తున్న పిల్లల సంఖ్యలు నాలుగు వేలు దాటాయి. నా సంఖ్య చూస్తే వాళ్ళు లేచి నిలబడతారు. కూర్చోండి నాయనా, నిలబడేంత ఘనకార్యం నేనేమీ చెయ్యలేదు అంటాను. వాళ్ళు అది వినయం అనుకుంటారు.

ఇవాళ పొద్దున్న ఆఫీసు గోడకి నోటీసు అంటించారు. మూడో గీత ఇళ్ళన్నిటినీ యాభై ఎనిమిదో రోజున నాలుగో గీతకి లాగుతారట. ఇరవయ్యేళ్ళకోసారి మాకు ఈ తంతు తప్పదు. సముద్రం దగ్గరికి వచ్చేసరికి, పట్టాల మీదున్న ఇళ్ళకి ఇనుప తాళ్ళు కట్టి, మిట్ట మీద ఇంకో వరసలోకి లాగుతారు. ఆ వరసల్నే మేం గీతలంటాం. నా చిన్నప్పుడు మా ఇల్లు రెండో గీత మీద ఉండేది. ఇప్పుడు రెండో గీత చూడాలంటే పడవెక్కి వెళ్ళి నీళ్ళలోకి తొంగి చూడాలి.

పై గీతలో చోటు ఊరికే ఇవ్వరు. పాత అప్పు మూసి, చోటు ధర కలిపి, ఇల్లు తాకట్టు పెట్టి కొత్త అప్పు తీసుకోవాలి. కొత్త అప్పు కావాలంటే స్తోమత పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే చోటు రాదు, చోటు లేని ఇంటికి తాడు కట్టరు. కాబట్టి ఈ రెండు నెలలూ నా ఆఫీసు ముందు క్యూ వీధి చివరిదాకా ఉంటుంది.

మధ్యాహ్నం సాక్షికి కొత్త బ్యాటరీ వేయించుకున్నాను. రూపాయి బిళ్ళంత ఉంటుంది, మెడలో వేసుకోవాలి. నేను మాట్లాడే ప్రతి మాటా వింటుంది. సమాచారం చెబితే పసుపుగా వెలుగుతుంది. "ఇది తీసుకోండి", "అది వద్దు" అని నోరు జారితే ఎర్రగా మారుతుంది. ఎరుపు వచ్చిందంటే అది సలహా, పదకొండు పేజీల ఫారం నింపాలి. ఏ అంకె రాయాలో ఎవరికైనా చెప్పానా, ఇక ఫారం కూడా ఉండదు, నేరుగా విచారణే.

లాగుడుకి 53 రోజులు

సూరాడ దానమ్మ, ఆమె భర్త గురువులు వచ్చారు. ఇద్దరూ సముద్రపు నాచు కోసి ఎండబెట్టి అమ్ముతారు. ఆమెకి నలభై నాలుగేళ్ళు. చేతివేళ్ళు ఉప్పుకి పగిలి ఉన్నాయి. గురువులు వచ్చినప్పటినుంచి వెళ్ళేదాకా కుర్చీ అంచు మీదే కూర్చున్నాడు.

దానమ్మ సంచీలోంచి రసీదుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఎనభైమూడున్నాయి మేడమ్. ఒక్క నెల తప్పినేదు. లెక్క సూసుకోండి."

"కంప్యూటర్లో ఉంటాయమ్మా, అక్కర్లేదు."

"ఉంటే ఉండనీండి. మా జాగర్త మాది."

చూసుకున్నాను. ఎనభైమూడూ ఉన్నాయి. ఏడేళ్ళ కిందట మూడో గీత మీద ఈ ఇల్లు కొన్నప్పుడు సాగర గృహనిధిలో పద్నాలుగు శాతం వడ్డీకి తీసుకున్న అప్పు అది. నెలకి తొమ్మిదివేల నాలుగొందలు. ఇప్పుడు వడ్డీలు దిగాయి. కొత్త అప్పు తొమ్మిది శాతానికే దొరుకుతుంది. నాలుగో గీతలో చోటు ధర కలిపినా కిస్తీ ఏడువేల వందకి మించదు. ఆ మాట చెప్పగానే గురువులు మొదటిసారి నవ్వాడు. అది సమాచారమే, సాక్షి పసుపుగానే ఉంది.

దరఖాస్తు మొత్తం పైకి చదివి వినిపించాలి. ఆదాయం గడుల దగ్గరికి వచ్చాం. గడిచిన ఇరవై నాలుగు నెలలకి నెలకో అంకె. దానమ్మ ఒక్కో నెలా గుర్తు తెచ్చుకుని చెప్పింది. నాచు పెరగనివ్వడానికి ఏటా రెండు నెలలు కోత ఆపుతారు. ఆ నెలలు వచ్చేసరికి, "సున్నా ఎయ్యండి" అంది.

నా చెయ్యి ఆగింది. నన్ను అడగనిచ్చేది ఒకే ఒక్క ప్రశ్న.

"ఈ అంకె సరైనదేనా?"

"సరైందే. ఆ రెండ్నెల్లూ మా సేతికి పైసా రాదు."

గురువులు ఏదో అనబోయాడు. ఆమె అతనివైపు చూసింది. అతను నోరు మూసుకున్నాడు. నాలుగు చోట్ల సున్నాలు వేశాను.

లాగుడుకి 51 రోజులు

ఫలితం వచ్చింది. సూరాడ దానమ్మ, గురువులు: స్తోమత లేదు. కారణం, కనిష్ఠ నెల ఆదాయం సున్నా.

ఇద్దర్నీ పిలిచి చదివి వినిపించాను. దానమ్మ కాగితం తనవైపు తిప్పుకుంది.

"ఏడేళ్ళపాటు తొమ్మిదివేల నాలుగొందలు కట్టినోళ్ళం, ఏడువేల వంద కట్టలేమా మేడమ్?"

కట్టగలవమ్మా, గుడ్డివాడికైనా తెలుస్తుంది అనాలని ఉంది. అంటే ఎరుపు. "పరీక్ష అలా చెబుతోంది" అన్నాను.

"ఆ పరీచ్చ ఎవులు రాసినారు?"

"కమిటీ."

ఆ కమిటీలో నేనున్నానని చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను పిరికిదాన్ని కాదని అనుకుంటూ వచ్చాను.

లాగుడుకి 47 రోజులు

రాసుకుంటే గానీ ఈ మంట దిగేలా లేదు.

నేను ఈ పనిలో చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. అప్పట్లో చట్టమూ లేదు, సాక్షీ లేదు. అప్పిచ్చేవాడిదీ సలహా చెప్పేవాడిదీ ఒకటే కుర్చీ. రెండో గీత దగ్గర గొడుగు వేసుకుని కూర్చునేదాన్ని. ఎవరొచ్చినా, "ఈ రెండేళ్ళలో మీకు బాగా వచ్చిన నెల ఏది?" అని అడిగేదాన్ని. ఆ నెలని పన్నెండుతో హెచ్చవేసి, ఇది మీ ఏడాది ఆదాయం అని రాసేదాన్ని. మేనేజరు అలాగే నేర్పాడు. ఒక్కో సంతకానికి నాకు పదిహేనొందలు కమీషను. ఆ డబ్బుతోనే మా అమ్మకి కళ్ళ ఆపరేషన్ చేయించాను.

మూడో గీతకి లాగుడు వచ్చేనాటికి సగం మందికి కిస్తీలు తప్పాయి. రెండు వేల పైచిలుకు ఇళ్ళు రెండో గీత మీదే ఉండిపోయాయి. వాటిలో అరవైమూడు ఇళ్ళ కాగితాలు నా చేత్తో రాసినవి. లెక్క తప్పు కాదు, ఒక్కో పేరూ నాకు గుర్తుంది.

దాని తర్వాత అప్పిచ్చే కంపెనీలన్నీ కలిసి నీతి నియమావళి అని ఒకటి తయారుచేసుకున్నాయి. పది సూత్రాలు, చుట్టూ పువ్వుల బొమ్మలు, అద్దం ఫ్రేము. ప్రతి ఆఫీసులోనూ క్యాలెండరు పక్కన తగిలించారు. ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళకే చెయ్యాలి. ఆ ఫ్రేము దుమ్ము దులిపే పని నాదే.

మూడేళ్ళ తర్వాత ప్రభుత్వం చట్టం తెచ్చింది. అప్పిచ్చేవాళ్ళందరూ లైసెన్సు తీసుకోవాలంది. ఏజెంట్ల గురించి ఒక్క ముక్క లేదు. ఇంకేముంది, రాత్రికి రాత్రి కంపెనీలు మమ్మల్నందర్నీ ఉద్యోగాల్లోంచి తీసేసి, కమీషను మనుషులుగా బయట కూర్చోబెట్టాయి. మేం అప్పు మాత్రమే ఇస్తాం, మాటలు చెప్పింది వాళ్ళు అన్నాయి. ఇంకో ఆరేడేళ్ళు పట్టింది సలహా చెప్పడం కూడా అప్పివ్వడమంత ప్రమాదమేనని ప్రభుత్వానికి అర్థం కావడానికి. అప్పుడొచ్చాయి నమోదు, పరీక్ష, సాక్షి. మొదటి పరీక్ష రాసినవాళ్ళలో నేనొకదాన్ని. నా పాపాలు కడుక్కోవడానికి వెళ్ళినట్టే వెళ్ళాను.

ఐదేళ్ళ కిందట స్తోమత పరీక్ష కోసం కమిటీ వేశారు. లోపలి గుట్టు తెలిసిన మనిషి కావాలని నన్ను పిలిచారు. ఏ నెల ఆదాయాన్ని కొలతగా తీసుకోవాలి అని అధ్యక్షుడు అడిగాడు. సరాసరి అన్నారు ఒకరు. నేను లేచి నా అరవైమూడు ఇళ్ళ సంగతి చెప్పాను. సరాసరి అంటే మళ్ళీ ఏజెంటు గారడీ చేస్తాడు, అన్నిటికంటే తక్కువ వచ్చిన నెలని తీసుకోండి, ఆ నెలలో కట్టగలిగినవాడే కట్టగలిగినవాడు అన్నాను. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ వాక్యం అలాగే ఇరవై ఆరో నిబంధన అయింది.

ఆ గదిలో నాచు కోసేవాళ్ళు ఎవరూ లేరు. నెల జీతగాళ్ళమే అందరం.

లాగుడుకి 40 రోజులు

జిల్లా మండలి కార్యాలయానికి వెళ్ళాను. అధికారి తవిటినాయుడు నా దగ్గర మొదటి బ్యాచ్‌లో శిక్షణ తీసుకున్నవాడు. మంచివాడే. నన్ను చూసి టీ తెప్పించాడు.

"మీరన్నది నిజమే మేడమ్. తీరం పొడుగునా ఇవే ఫిర్యాదులు. ఉప్పుమళ్ళ వాళ్ళు, ఐసు మోసేవాళ్ళు, అందరికీ ఒకటో రెండో సున్నా నెలలుంటాయి. నిబంధన మార్చడానికి అభిప్రాయ సేకరణ మొదలెట్టాం."

"ఎప్పటికవుతుంది?"

"తొమ్మిది నెలలు. తొందరపెడితే ఏడు."

"లాగుడు నలభై రోజుల్లో ఉంది నాయుడూ. ఈ ఒక్క ఇంటికీ మినహాయింపు రాసివ్వు. ఎనభైమూడు కిస్తీలు కట్టిన మనిషి."

అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఆ అధికారం నాకు లేదు మేడమ్. ఒకప్పుడు జిల్లా అధికారికి ఉండేది. మినహాయింపులు అమ్ముకుంటున్నారని మీరే కదా తీయించారు."

నిజమే. అమ్ముకుంటున్న మాటా నిజమే. రేటు కూడా నాకు తెలుసు.

అభిప్రాయం రాయడానికి ఒక ఫారం ఇచ్చాడు. మూడువందల మాటలు మించకూడదు. బయట బెంచీ మీద కూర్చుని రెండువందల తొంభై ఎనిమిది మాటల్లో రాసిచ్చి వచ్చాను.

లాగుడుకి 31 రోజులు

పరీక్ష తప్పిన ఇళ్ళకి సలహాదారు ఒకసారి వెళ్ళి, ఇల్లు లాగనప్పుడు ఏమవుతుందో వివరించి రావాలి. అదీ నిబంధనే. దానమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిలికీ అలలకీ మధ్య ఇప్పుడు నలభై అడుగులే. ఇల్లు చిన్నదైనా చక్రాలకి గ్రీజు పెట్టి, ఇరుసులకి ఎర్ర రంగు వేసి ఉంచారు. లాగుడుకి సిద్ధంగా ఉంది, తాడే లేదు.

వెనక నాచు ఎండబెట్టే కళ్ళం. కళ్ళం మధ్యలో రేకుల షెడ్డు, అందులో మనిషెత్తు నాచు రాశి.

"ఇంత సరుకు అమ్మకుండా ఉంచారేం?" అని అడిగాను. మామూలు కబుర్లు సాక్షికి పట్టవు.

గురువులు చెప్పాడు. "మా జట్టు రాశండి. ఇరవైరెండు ఇళ్ళోళ్ళం. కోత ఉన్నన్నాళ్ళూ రోజుకో గంప ఇంటికొకళ్ళం అందులో ఏస్తాం. కోత ఆపీసిన నెలల్లో అదమ్మి ఇంటింటికీ బియ్యం, నూనె ఇస్తారు. ఇళ్ళ కిస్తీలు కూడా రాశే కట్టీస్తాది."

సున్నా నెలల్లో కూడా తొమ్మిదివేల నాలుగొందలు ఎక్కడినుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది.

"మరి దరఖాస్తులో..." అన్నాను. సాక్షి గుర్తొచ్చి ఆగిపోయాను.

దానమ్మకి అర్థమైంది. "అది మాది కాదు మేడమ్. రాశిలో పడ్డాక ఎవులదీ కాదు. నాది అన్నోళ్ళని జట్టులోంచి తీసేస్తారు. మా అత్త సెల్లిని అలాగే తీసీసినారు."

"మిగతా ఇళ్ళవాళ్ళు ఏం రాశారు?"

"కూలి అని ఏదో రాసీసినారు."

అవి చదివి వినిపించింది కూడా నేనే. ఇరవై ఒక్క దరఖాస్తుల్లోనూ కోత ఆపిన నెలల్లో కూలిపని, ఇంటింటికీ అదే పదకొండు వేలు. సరైనదేనా అని అడిగాను, సరైనదే అన్నారు, టిక్కు పెట్టాను. అందరూ నెగ్గారు.

"నువ్వు కూడా అలా ఎందుకు రాయలేదు?" ఈ ప్రశ్నకి సాక్షి ఒక్క క్షణం నారింజరంగులోకి పోయి మళ్ళీ పసుపుకి వచ్చింది.

"మా నాన్న ఇల్లు రెండో గీత మీదే ఉండిపోయింది మేడమ్. ఎవుడో ఏజెంటు ఏదో అంకె ఏసీసినాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అంకెల కాడ అబద్ధం ఆడం."

ఆమె తండ్రి పేరేమిటని నేను అడగలేదు. అడిగే ధైర్యం లేక వివరణ కాగితం చదివేసి వచ్చేశాను.

లాగుడుకి 29 రోజులు

నిబంధనల పుస్తకం మళ్ళీ తిరగేశాను. నూటనాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. క్రమం తప్పకుండా అందే సహాయం, ఇచ్చేవాళ్ళు రాసిస్తే, ఆదాయం కింద లెక్క. అంటే జట్టు ఒక్క కాగితం రాసిస్తే ఆ సున్నాలు పోతాయి. అబద్ధం కూడా కాదు, నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ ఆ పేజీ ఉందని నేను ఆమెకి చెప్పకూడదు. చెబితే అంకె నేర్పినట్టు. ఒకప్పుడు మేం అంకెలు నేర్పినందుకే ఆ నిషేధం వచ్చింది, ఎవరినని ఏం లాభం.

మధ్యాహ్నం భోజనం వేళ సాక్షిని తీసి సొరుగులో పెట్టాను. ఆటో ఎక్కి కళ్ళానికి వెళ్ళాను. దానమ్మని పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అలా ఒక మనిషితో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నాది అని రాయాలేటి?" అంది.

"నీది అని అక్కర్లేదు. రాశి ఇస్తుంది అని జట్టు రాస్తే చాలు."

ఆమె వెళ్ళి జట్టు పెద్ద బడే పోలమ్మని తీసుకొచ్చింది. పోలమ్మకి డెబ్బై దాటాయి. అంతా విని, "రాశి ఇస్తున్న మాట నిజమే గదా, నిజం రాయడానికి సిగ్గేటి" అంది. అక్కడికక్కడే రాయించి అందరి చేతా సంతకాలు పెట్టించింది.

ఇంకొక్క మాట చెప్పాల్సి ఉంది. దరఖాస్తు నెగ్గాక మండలినుంచి పదిమందిలో ఒకరికి ఫోను చేసి, ఈ అంకె రాయమని మీకెవరైనా చెప్పారా అని అడుగుతారు. ఎవరూ చెప్పలేదు అనమ్మా అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూశాక రాలేదు. పదిలో ఒకరికే కదా చేసేది అని నాకు నేను చెప్పుకుంటూ ఆటో ఎక్కాను.

లాగుడుకి 22 రోజులు

నెగ్గింది. నాలుగో గీత, చోటు నూటపద్దెనిమిది.

దానమ్మ కాగితం అందుకుని, తడి అంటుకుంటుందేమోనని చేతులు కొంగుకి రెండుసార్లు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు ఎండు నెత్తళ్ళ పొట్లం బల్ల మీద పెట్టింది. బహుమతులు తీసుకోకూడదు, తీసుకుంటే రిజిస్టర్లో రాయాలి. రాయలేదు. ఇంటికెళ్ళి ఉల్లిపాయలు వేసి వేయించుకుని మొత్తం తినేశాను. చాలా బాగున్నాయి.

లాగుడుకి 15 రోజులు

దానమ్మ ఆఫీసుకి వచ్చింది. పనేమీ లేదు, దారిలో కనిపించి పోదామని వచ్చిందట.

"మండలోళ్ళు ఫోను సేసినారు మేడమ్. రాశి సంగతి ఎవులైనా సెప్పినారా అని అడిగినారు. మీ పేరే సెప్పినాను."

నేను పెన్నుకి మూత పెట్టాను.

"బువ్వ యేళప్పుడు ఎండలో పడి వచ్చి సెప్పినారని కూడా సెప్పినాను. మేలు సేసినోళ్ళ పేరు దాయకూడదు గదేటి. ఆళ్ళు బాగా ఇనుకున్నారు, అంతా రాసుకున్నారు."

"మంచిదమ్మా" అన్నాను.

ఇంకేమనగలను? ఆమె చేసిన తప్పల్లా నన్ను మెచ్చుకోవడం. నా తప్పు ఆ రోజు ఒక్క అబద్ధం నేర్పకపోవడం. ఇరవై నాలుగేళ్ళ వయసులో గొడుగు కింద కూర్చుని రోజుకి పది అబద్ధాలు అలవోకగా నేర్పినదాన్ని, కావాల్సిన ఒక్కటి దగ్గర పతివ్రతనైపోయాను.

లాగుడుకి 12 రోజులు

విచారణ. బల్లకి అవతల తవిటినాయుడు, పక్కన రికార్డు మిషను. ఈసారి టీ లేదు.

"లాగుడుకి ఇరవైతొమ్మిది రోజులున్నప్పుడు, ఒంటిగంటనుంచి రెండున్నర దాకా మీ సాక్షి సొరుగులో ఉంది మేడమ్. సూరాడ దానమ్మగారు చెప్పింది నిజమేనా?"

ఆ మాట అడిగి, మిషను ఆపాడు. లోగొంతుకతో అన్నాడు. "మీరు కాదంటే మీ మీద కేసు నిలబడదు. ఆవిడ మాట తప్ప ఇంకో ఆధారం లేదు."

"కాదంటే ఆవిడేమవుతుంది?"

"మండలికి అబద్ధం చెప్పినట్టు. జన్మలో అప్పు పుట్టదు."

"ఔనంటే?"

"కలుషిత సలహా కింద దరఖాస్తు రద్దు. ముప్పై రోజులాగి మళ్ళీ పెట్టుకోవచ్చు."

ముప్పై రోజులు. లాగుడు పన్నెండు రోజుల్లో. రెండు దారుల్లోనూ ఇల్లు పోతుంది. ఒకదాంట్లో దానమ్మ అబద్ధాలకోరు అనిపించుకుంటుంది, ఇంకోదాంట్లో నేను దొంగనవుతాను. మిషను ఆన్ చెయ్యమన్నాను. "నిజమే, నేనే చెప్పాను" అన్నాను.

ఆ తర్వాత బతిమాలాను. నా నమోదు తీసేసుకో, జరిమానా వెయ్యి, జైల్లో పెట్టు, ఆ అంకె మాత్రం ఉంచు, అది నిజమైన అంకె అన్నాను. ఇన్నేళ్ళలో ఒకరి ముందు చేతులు జోడించడం అదే మొదలు.

"అంకె నిజమే మేడమ్" అన్నాడు. "వచ్చిన దారి తప్పు."

ఆ వాక్యం కూడా నేను నేర్పిందే. మొదటి బ్యాచ్‌కి మూడో రోజు పాఠం. బాగా వంటబట్టించుకున్నాడు.

సాయంత్రం దానమ్మ ఇంటికి వెళ్ళి నేనే చెప్పాను. కమిటీలో ఉన్నది నేనని, ఇరవై ఆరో నిబంధన నాదని, గొడుగు కింద కూర్చున్న రోజుల సంగతి కూడా చెప్పాను. గురువులు లేచి బయటికి వెళ్ళిపోయాడు. దానమ్మ మాత్రం అంతా విని, "నాను మీ పేరు సెప్పకుండా ఉండాల్సింది" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

లాగుడు రోజు

పొద్దున్న ఏడింటికి మిట్ట మీద ఇంజన్లు మొదలయ్యాయి. నాకు అక్కడ పనిలేదు, నమోదు పోయింది, మెడలో బిళ్ళ కూడా లేదు. అయినా వెళ్ళాను.

తాళ్ళు కట్టే మేస్త్రీ చేతిలో జాబితా పట్టుకుని ఇల్లిల్లూ చూస్తూ వచ్చాడు. జట్టు ఇళ్ళు ఒక్కొక్కటే పట్టాల మీద కిర్రుమంటూ కదిలాయి. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపుతున్నారు. దానమ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ జాబితా చూసి, ఇరుసులకేసి చూసి, మళ్ళీ జాబితా చూశాడు.

"ఈ ఇల్లు బాగుందే, దీనికి లేదేటి?" అన్నాడు.

అతను పక్క ఇంటికి వెళ్ళాడు.

అబద్ధం రాసిన ఇరవై ఒక్క ఇళ్ళూ పైకి వెళ్ళాయి. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వెళ్ళాలి, వెళ్ళినందుకు సంతోషమే. పోలమ్మ మాత్రం తన ఇంట్లో కూర్చోకుండా దానమ్మ వాకిట్లో కూర్చుంది. జట్టు మగాళ్ళు పదిమంది భుజాలు పెట్టి ఇల్లు తోశారు. ఇల్లు కదిలింది కూడా. ఒక అడుగు, రెండడుగులు. గార్డులు వచ్చి, చోటు లేని ఇంటిని పట్టాల మీద కదపడం నేరమని ఆపేశారు.

మధ్యాహ్నానికి సామానంతా మిట్ట వెనకున్న అద్దె షెడ్లకి చేర్చారు. నేనూ రెండు బిందెలు, బియ్యం డబ్బా మోశాను. గురువులు నాతో మాట్లాడలేదు. డబ్బా మాత్రం నా చేతుల్లోంచి అందుకున్నాడు.

లాగుడు అయ్యాక 64 రోజులు

సాగర గృహనిధిలో కిస్తీలు కట్టించుకునే కౌంటర్లో ఉద్యోగం దొరికింది. ఈ పనికి నమోదు అక్కర్లేదు. డబ్బు తీసుకోవాలి, రసీదివ్వాలి, అంతే. నా కుర్చీ వెనక గోడకి ఒక బోర్డు ఉంటుంది: ఇక్కడ సలహాలు ఇవ్వబడవు.

నిన్న మండలి సవరణ ముసాయిదా వచ్చింది. ఇరవై ఆరో నిబంధన మారుస్తున్నారట. జట్టు సహాయం ఆదాయం కిందకి వస్తుందట, దాని గురించి సలహాదారు చెప్పవచ్చునట. వచ్చే ఏడాదినుంచి అమలు. ఐదో గీతకి వెళ్ళేవాళ్ళకి వర్తిస్తుంది. తవిటినాయుడు నాకో ప్రతి పంపాడు. కింద పెన్నుతో, మీ వల్లే మేడమ్ అని రాశాడు. చించిపారేశాను.

పదకొండు గంటలకి దానమ్మ వచ్చి క్యూలో నిలబడింది. ముందు నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక డబ్బు కిటికీలోంచి తోసింది. మూడో గీత మీది పాత అప్పు అలాగే ఉంది. ఇల్లు నీళ్ళలో ఉంది. నెల రోజులుగా పైకప్పు రేకులు రెండు మాత్రం పైకి కనిపిస్తున్నాయని మొన్న ఎవరో అన్నారు.

"ఎండలు ముదిరినాక కోత ఆపీస్తారు" అంది దానమ్మ. "షెడ్డు అద్దె నాలుగువేలు, అది రాశి కట్టదు. ఇదేమో తొమ్మిదివేల నాలుగొందలు. ఇది మాం కట్టగలమా నేదా అని ఎవులూ పరీచ్చ ఎట్టరేటి మేడమ్?"

"పాత అప్పులకి పరీక్ష ఉండదమ్మా. కొత్తవాటికే."

ఆమె కిటికీ అంచు మీద చెయ్యి ఆనించింది.

"పరీచ్చ ఎడితే బాగున్ను. తప్పీసి ఊరుకుందుం."

డబ్బు లెక్కపెట్టాను. తొమ్మిదివేల నాలుగొందలు, సరిగ్గా ఉంది. ముద్ర వేసి ఇచ్చి, తర్వాతివాళ్ళని రమ్మన్నాను.